పదేళ్ళ తోడు... మా తెల్లావు

మన వైపు కారు కొన్నామంటే అది యింట్లో మనిషితో సమానం. తాతగారు కొన్న అంబాసిడర్‌ని తండ్రి నడిపి, ఆ తర్వాత కొడుకు కూడా నడిపిన యిళ్ళు మీకూ తెలిసే వుంటాయి. ఇంజను బాగు చేయించి, సీట్లకి కొత్త గుడ్డ కుట్టించి, రంగు వేయించి పెడితే, "ఇంకో పదేళ్ళు ఢోకా లేదండీ" అంటాడు మెకానిక్. ఇక నేను నడవనని అది మొరాయించేదాకా దాన్ని ఎవరూ పొమ్మనరు.

కానీ కారు పుట్టిన రోజునే దాని ఆయుష్షు రాసిపెట్టే దేశం ఒకటుంది. అది బంగారంలా నడుస్తున్నా సరే, గడువు రాగానే "ఉంచుకుంటారా, వదిలేస్తారా?" అని అడుగుతారు. ఉంచుకోవాలంటే లక్షలు పొయ్యాలి. ఆ దేశం సింగపూర్. మేము కాపురం వుంటున్నది యిక్కడే. 2024 ఆగస్టులో మా కారుకి పదేళ్ళు నిండాయి. దాన్ని సాగనంపిన కథ, దాంతోపాటు యిక్కడి సంగతులు నాలుగు మీతో చెప్పుకుందామని ఈ ఉత్తరంలాంటి వ్యాసం.

పదేళ్ళ ఆయుర్దాయం

సింగపూర్ ఎంత చిన్నదంటే ఈ కొస నుంచి ఆ కొసకి యాభై కిలోమీటర్లు. మా తెనాలి నుంచి గుంటూరు వెళ్ళి మళ్ళీ తిరిగొచ్చినంత దూరం. అంతే దేశం! ఆ కాస్త నేలలోనే యిళ్ళు, ఓడరేవు, విమానాశ్రయం, తోటలు, చెరువులు అన్నీ వుండాలి. వున్న భూమిలో 12 శాతం ఇప్పటికే రోడ్లకి పోయిందని ప్రభుత్వం చెబుతుంది. అందరూ తలా ఒక కారు కొనేస్తే నిలబెట్టడానికే చోటుండదు కదా!

అందుకని 1990 మే నెలలో వీళ్ళొక పద్ధతి పెట్టారు. కారు కొనాలంటే ముందు కారు వుంచుకునే హక్కు కొనుక్కోవాలి. ఆ పత్రాన్ని సీవోఈ అంటారు. పదేళ్ళు చెల్లుతుంది. దానికి ధర యింత అని వుండదు, నెలకి రెండుసార్లు వేలం వేస్తారు. 2008 చివర్లో, లోకమంతా డబ్బుకి కటకటలాడినప్పుడు, చిన్న కార్ల సీవోఈ ఒకసారి రెండు డాలర్లకి పడిపోయిందట. అదే పత్రం 2023 అక్టోబరులో 1,06,000 డాలర్లకి పోయింది. గుర్తుంచుకోండి, ఇది కారు ధర కాదు. ఒట్టి కాగితం ధర! కారు ధర, పన్నులు వేరే. 2018 ఫిబ్రవరి నుంచి కార్ల సంఖ్య పెరక్కూడదని కూడా నిర్ణయించారు. అంటే ఒక కారు రోడ్డు దిగితేనే యింకో కారు రోడ్డెక్కాలన్నమాట.

మేము 2014 ఆగస్టులో కొన్నాం. తెల్లటి టయోటా కరోలా ఆల్టిస్. అప్పుడు సీవోఈ ఒక్కటే అరవై వేల డాలర్ల పైమాటే, మన లెక్కలో ముప్ఫై లక్షల చిల్లర. ఆ రోజుల్లో కారు ధరలో సగం, మహా అయితే అరవై శాతం అప్పు యిచ్చేవారు, అదీ ఐదేళ్ళలో తీర్చెయ్యాలి. మిగతాది చేతి నుంచే పెట్టాలి. మా వారి అన్నేళ్ళ పొదుపూ అందులోకే పోయింది. ఇంత డబ్బు పోసి కొనాలా అని మీరు అడగొచ్చు. ఆ యేడాదే మా మామగారు పోయారు. అత్తయ్యగారిని మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. అందుకని ధైర్యం చేశాం.

విచిత్రం చూడండి, మన దేశంలో మారుతి 800, అంబాసిడర్ రెండిటి తయారీ ఆగిపోయింది కూడా ఆ 2014లోనే. మా మామగారు నడిపింది అంబాసిడరే. "ఆయనతో పాటే అదీ వెళ్ళిపోయింది" అనేవారు అత్తయ్యగారు.

కారు యింటికి తేగానే సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ కోవెలకి తీసుకెళ్ళాం. మన వెంకటేశ్వరస్వామే. పంతొమ్మిదో శతాబ్దంలో కట్టిన గుడి, ఐదంతస్తుల గోపురం మాత్రం 1966 నాటిది. తైపూసం పండగకి కావడి మోసేవాళ్ళు బయల్దేరేది ఈ గుడి నుంచే. పూజ చేయించి, పసుపు కుంకాలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం. అత్తయ్యగారు కారు చుట్టూ ఒకసారి నడిచి, బానెట్ మీద అరచెయ్యి వేసి, "మా పుట్టింట్లో తెల్లావు వుండేది. అచ్చం దాని వొళ్ళులాగే వుందే అమ్మాయ్" అన్నారు. అంతే. ఆ రోజు నుంచి దాని పేరు తెల్లావు.

తాళంచెవి నా చేతికి

మొదటి యేడు మా వారే నడిపేవారు. ఆయన ఆఫీసుకి రైల్లో వెళ్తారు. కారేమో పగలంతా కార్ల మేడలో ఖాళీగా నిలబడేది. ఇక్కడ ప్రభుత్వ ఫ్లాట్లకి పక్కనే కార్ల కోసం ఐదారంతస్తుల మేడలుంటాయి. అత్తయ్యగారి ఫిజియోథెరపీకి టాక్సీ పిలుచుకుని వెళ్తుంటే నాకు కడుపు తరుక్కుపోయేది. ఇంట్లో ఆవుని పెట్టుకుని పాలు కొనుక్కున్నట్టు!

అందుకని డ్రైవింగ్ నేర్చుకుందామని బయల్దేరాను. అప్పటికి నాకు ముప్ఫై అయిదేళ్ళు. ముందు రాత పరీక్ష. యాభై ప్రశ్నలు, నలభై అయిదు సరిగ్గా రాయాలి. ఇంటర్మీడియెట్ పరీక్షలకి కూడా నేనంత చదవలేదంటే నమ్మండి. వంటింట్లో పోపు వేగుతుంటే కూడా పుస్తకం పక్కనే. మా అమ్మాయి ప్రశ్నలడిగేది, అత్తయ్యగారు దోసెలు తిప్పేవారు. ఆ తర్వాత ఇంకో రాత పరీక్ష, ఆపైన బండి మీద పరీక్ష. అన్నీ అయ్యి లైసెన్సు చేతికొచ్చిన రోజు మా వారు తాళంచెవి తెచ్చి దేవుడి దగ్గర పెట్టి, "తీసుకోవోయ్, ఇక నీదే" అన్నారు.

అక్కడ నుంచి నా రోజే మారిపోయింది. ఇక్కడ కూడా మన దేశంలాగే ఎడమవైపు నడపాలి, స్టీరింగ్ కుడివైపు వుంటుంది, కాబట్టి ఆ తికమక లేదు. కానీ హారన్లు వుండవు. హారన్ వినపడిందంటే ఎవరికో కోపం వచ్చిందని అర్థం. నగరం మధ్యలోకి వెళ్ళే రోడ్లకి అడ్డంగా కమానులుంటాయి. 1998లో పెట్టారు. రద్దీ వేళల్లో వాటి కింద నుంచి వెళ్తే, కార్లో పెట్టిన చిన్న పెట్టె "టింగ్" మంటుంది. మన కార్డులోంచి డబ్బు కోసుకుపోయిందన్నమాట. ఆ చప్పుడు వినగానే అత్తయ్యగారు "అయ్యో, మళ్ళీ మింగిందా!" అనేవారు.

ఆసుపత్రికి, గుడికి, లిటిల్ ఇండియాలోని టెక్కా మార్కెట్‌కి అన్నిటికీ తెల్లావే. టెక్కాలో మునగకాయలు, అరటి పువ్వు, గోంగూర అన్నీ దొరుకుతాయి. సాయంత్రాలు ఈస్ట్ కోస్ట్ సముద్రపు ఒడ్డుకి వెళ్ళేవాళ్ళం. లంగరు వేసిన ఓడలు దీపాలు పెట్టుకుని వరసగా నిలబడి వుంటాయి. ముందు సీటు కొంచెం వెనక్కి జరిపితే అత్తయ్యగారికి మోకాళ్ళు చాపుకోవడానికి వీలు. ఆ సీటుకి ఆవిడ స్వయంగా కుట్టిన గలీబు వుండేది, పాత వెంకటగిరి చీరతో.

వంతెన దాటితే వేరే దేశం

తెల్లావు గొప్పతనమంతా సెలవుల్లో తెలిసేది. సింగపూర్ ఉత్తరపు కొసన ఒక కిలోమీటరు పొడుగున రాతికట్ట వంతెన వుంది. 1924లో కట్టారు. అది దాటితే మలేషియా. 1998 నుంచి పడమటి వైపు రెండో వంతెన కూడా వుంది. తమాషా ఏమిటంటే, అటు వెళ్ళే ముందు సింగపూర్ కారు ట్యాంకులో ముప్పాతిక వంతు పెట్రోలు వుండి తీరాలి. అక్కడ పెట్రోలు చవక, అందరూ వెళ్ళి నింపుకొచ్చేస్తారని 1991 నుంచి ఆ నియమం. ముల్లు కిందికి వుంటే జరిమానా వేసి వెనక్కి పంపేస్తారు. అందుకని ప్రయాణానికి ముందు రాత్రి మా యింట్లో రెండు పనులు జరిగేవి. మా వారు పెట్రోలు నింపించి రావడం, నేను పులిహోర పులుసు కాచడం.

పులిహోర గురించి ఒక్క మాట చెప్పనివ్వండి. కారు ప్రయాణానికి అది పొద్దున చేసి పొద్దునే డబ్బాలో పెడితే మధ్యాహ్నానికి మెత్తబడి పోతుంది. చిక్కటి చింతపండు గుజ్జులో పసుపు, ఉప్పు, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు, చిటికెడు బెల్లం వేసి నూనె తేలేదాకా రాత్రే ఉడికించి పెట్టుకోవాలి. పొద్దున అన్నం పొడిపొడిగా వండి, వెడల్పు పళ్ళెంలో పరిచి, నూనె చుక్క వేసి పూర్తిగా చల్లారనివ్వాలి. చల్లారిన అన్నంలోనే పులుసు, పోపు కలపాలి. వేడి మీద మూతపెట్టకపోవడమే దాని రహస్యం. సాయంత్రం దాకా పాడవదు.

ఆ డబ్బాతో మేము మలక్కా వెళ్ళాం. పోర్చుగీసువాళ్ళు, డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఏలిన రేవు పట్నం అది. కౌలాలంపూర్ దగ్గర బటు గుహలకి వెళ్ళాం. గుహలోని కుమారస్వామి దగ్గరకి 272 మెట్లెక్కాలి. అత్తయ్యగారు ఎక్కలేరు కదా, కిందే 140 అడుగుల బంగారు రంగు విగ్రహం ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, "స్వామి నాకోసం కిందికే వచ్చాడు" అన్నారు. ఆ విగ్రహం 2006లో నిలబెట్టారు.

ఇంకా పైకి, పేరాక్ రాష్ట్రంలో బాగాన్ దాతో అనే చోటుకి కూడా తెల్లావు మమ్మల్ని మోసుకెళ్ళింది. బ్రిటిషువాళ్ళ కాలంలో కొబ్బరి తోటల్లో పనికని మన తెలుగువాళ్ళు ఓడలెక్కి వచ్చి స్థిరపడిన చోటు అది. ఎటు చూసినా కొబ్బరి చెట్లే, కోనసీమలోకి వచ్చేశామా అనిపించింది. అక్కడ ఒక యింటి ముందు ముగ్గు చూసి కారు ఆపాం. లోపల నుంచి వచ్చిన పెద్దావిడ తెలుగులో "ఎవురమ్మా మీరు?" అని అడిగింది. మన దేశం ఎప్పుడూ చూడలేదట ఆవిడ. అత్తయ్యగారు, ఆవిడ చేతులు పట్టుకుని గంటసేపు మాట్లాడుకున్నారు. రైల్లోనో విమానంలోనో వెళ్తే ఆ ముగ్గు కనపడేదా చెప్పండి?

2020 మార్చి 18న ఆ వంతెన మూతపడింది. కరోనా. పూర్తిగా తెరిచింది 2022 ఏప్రిల్ 1న. ఆ రెండేళ్ళూ తెల్లావుకి పొలిమేర దాటే యోగం లేదు. లాక్‌డౌన్ రోజుల్లో వారానికొకసారి మాస్కు పెట్టుకుని కిందికి దిగి, ఇంజను ఆన్ చేసి పావుగంట కూర్చునేదాన్ని, బ్యాటరీ పోకుండా. ఇంట్లో నలుగురం వుండి వుండి విసుగెత్తిపోయిన ఆ రోజుల్లో, ఏకాంతంగా కూర్చోడానికి నాకు దొరికిన చోటు కూడా అదొక్కటే! అత్తయ్యగారి పరీక్షలకి జనంలోకి వెళ్ళే పని లేకుండా ఆసుపత్రి వాకిట్లో దించి, మళ్ళీ ఎక్కించుకు వచ్చింది కూడా అదే.

లెక్కల పుస్తకం

2024 వచ్చేసరికి ఆ తేదీ దగ్గర పడింది. ఒక రాత్రి భోజనాలయ్యాక మా వారు లెక్కల పుస్తకం తీశారు.

ఇక్కడ రెండు దార్లుంటాయి. ఒకటి, సీవోఈని పొడిగించుకోవడం. దానికి గడిచిన మూడు నెలల వేలం ధరల సగటు కట్టాలి. అప్పుడది తొంభై వేల డాలర్లకి కాస్త అటూ ఇటూగా వుంది. యాభై అయిదు లక్షల రూపాయలు! పదేళ్ళు వద్దు, అయిదేళ్ళు చాలనుకుంటే అందులో సగం. కానీ ఆ అయిదేళ్ళ తర్వాత మళ్ళీ పొడిగించే వీల్లేదు. పైగా పదేళ్ళు దాటిన కారుకి రోడ్డు పన్ను మీద ఏటేటా పది శాతం చొప్పున యాభై శాతం దాకా అదనం. తనిఖీ కూడా రెండేళ్ళకోసారి కాక ఏడాదికోసారి.

రెండో దారి, గడువులోపల వదిలేయడం. మా కారు కొన్నప్పటి నిబంధన ప్రకారం, పదేళ్ళలోపు వదిలేస్తే మొదట్లో కట్టిన రిజిస్ట్రేషన్ పన్నులో సగం వెనక్కిస్తారు. మాకు దాదాపు పదివేల డాలర్లు వస్తాయి. పొడిగిస్తే అది రాదు. అంటే వుంచుకోవడానికి డబ్బు కట్టాలి, రావలసిన డబ్బూ వదులుకోవాలి.

"పోనీ, ఓడలో మన వూరికి పంపేద్దామా?" అన్నాను నేను. మా వారు నవ్వారు. మూడేళ్ళు దాటిన పాత కారుని మన దేశంలోకి రానివ్వరు. వచ్చినా సుంకంతో కొత్త కార్లే కొనుక్కోవచ్చు.

అమ్మాయి కాలేజీలో చేరే సమయం. పొడిగింపుకి కట్టే డబ్బు, దాని చదువుకి కావలసిన డబ్బు ఇంచుమించు ఒకటే. ఇక లెక్క చెయ్యడానికేముంది? అయినా ఎవ్వరం మాట్లాడలేదు. అమ్మాయి తలొంచుకుని, "నా కోసమని తెల్లావుని పంపెయ్యద్దు నాన్నా, నేను అప్పు తీసుకుంటాను" అంది. మా వారు అత్తయ్యగారి వైపు చూశారు. ఆవిడకి ఎనభయ్యొకటి. చక్రాల కుర్చీ లేనిదే వీధిలోకి రాలేరు. కారు లేకపోతే గుడి ఎలా, ఆసుపత్రి ఎలా అన్నదే మా అందరి గుబులు. నా గుబులు యింకోటి కూడా వుంది. ఆ తాళంచెవి పోతే నేను మళ్ళీ ఒకరు తీసుకెళ్తే వెళ్ళే మనిషినవుతానేమోనని. అది నేను పైకి అనలేదు. కానీ అత్తయ్యగారికి తెలిసింది.

"అమ్మాయ్, మా నాన్న గొడ్డు వట్టిపోయేదాకా ఆగేవాడు కాదు. పాలిస్తున్నప్పుడే అమ్మేవాడు. పోయినచోట దానికి మర్యాద వుంటుందని. మనం సుఖపడ్డాం, అది సుఖపడింది. ఇంకేం కావాలి? నువ్వు నేర్చుకున్న విద్య కార్లో వుందా, నీ చేతిలో వుందా?" అన్నారు.

ఆ మాటతో పుస్తకం మూసేశాం.

పలుపు

ఇలా వదిలేసిన కార్లు ఏమవుతాయని చాలామంది అడిగారు. రద్దు చేశాక నెల లోపల వాటిని వదిలించుకోవాలి. కొన్నిటిని తుక్కు చేస్తారు. బావున్నవాటిని కుడివైపు స్టీరింగ్ వుండే వేరే దేశాలకి ఓడల్లో ఎగుమతి చేస్తారు. మాది ఎగుమతికే వెళ్తుందని పాత కార్ల వర్తకుడు చెప్పాడు. ఏ దేశమో అప్పటికి అతనికీ తెలియదు. తుక్కు కావడం లేదన్న మాటే మాకు పదివేలు.

ముందురోజు కారు ఖాళీ చేశాం. పదేళ్ళ సంసారం ఎన్ని మూలల్లో దాక్కుందనుకున్నారు! సీట్ల కింద అమ్మాయి పాలపళ్ళ నాటి హెయిర్ క్లిప్పులు రెండు, మలేషియా చిల్లర నాణేలు, డాక్టరు చీటీలు, ఎండిపోయిన కరివేపాకు రెమ్మ, ఒక గొడుగు. డాష్‌బోర్డు మీద చిన్న వినాయకుడిని తీసి పూజగదిలోకి మార్చాం. వెంకటగిరి గలీబు ఉతికి ఆరేశాను.

ఆఖరిసారి నలుగురం చాంగీ వైపు వెళ్ళాం. విమానాలు సముద్రం మీద నుంచి దిగుతుంటాయి అక్కడ. నేనే నడిపాను. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. తిరిగొచ్చేటప్పుడు అత్తయ్యగారు మాత్రం ప్రతి మలుపులోనూ "ఇక్కడ వాన పడింది కదూ... ఇక్కడ పిల్లకి కడుపులో తిప్పింది కదూ..." అంటూ గుర్తుచేసుకున్నారు.

మర్నాడు పొద్దున వర్తకుడు, పాతికేళ్ళ చైనా కుర్రాడు, వచ్చాడు. కాగితాలు చూసుకున్నాడు. ఇంజను మోత వినగానే "గుడ్ కార్, ఆంటీ" అన్నాడు నాతో. నేను తాళంచెవి యివ్వబోతుంటే, చక్రాల కుర్చీలో వున్న అత్తయ్యగారు "ఆగు" అన్నారు. తాళంచెవులకి వున్న వెంకటేశ్వరస్వామి గొలుసు విప్పి తీసుకోమన్నారు. ఆవిడ పుట్టింట్లో ఆవుని అమ్మినా, మెడకి కట్టిన పలుపు మాత్రం ఇచ్చేవారు కాదట. కొత్త పలుపు కట్టి పంపి, పాతది దొడ్లో కొయ్యకి తగిలించి వుంచుకునేవారట. ఇంటి పాడి ఇంట్లోనే వుండాలని. నేను గొలుసు విప్పి ఆవిడ చేతిలో పెట్టి, ఒక మామూలు దారానికి తాళంచెవి గుచ్చి ఆ కుర్రాడికిచ్చాను. అతనికి అర్థం కాకపోయినా, ఏదో పెద్దల ఆచారమని రెండు చేతులతో అందుకున్నాడు. చైనావాళ్ళలో అదే మర్యాద.

బానెట్ మీద పసుపు బొట్టు పెట్టాను. కారు మేడ మీద నుంచి వంపు తిరుగుతూ కిందికి దిగింది. మలుపులో ఎడమ దీపం మిణుకు మిణుకుమంటూ కనపడింది. అంతే. మా వారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

బస్సులో అత్తయ్యగారు

ఆ తర్వాత మొదటి శనివారం. గుడికి టాక్సీ పిలుస్తానంటే అత్తయ్యగారు వద్దన్నారు. "బస్సెక్కుదాం, ఎలా వుంటుందో చూద్దాం" అని.

మేముండేది సెంగ్‌కాంగ్‌లో. బస్సు ఆగింది. నేను చెయ్యెత్తి కుర్చీ చూపించాను. డ్రైవరు తన సీట్లోంచి దిగొచ్చి, తలుపు దగ్గర మడిచివున్న పలక తెరిచి, చప్టాలా వాలుగా వేశాడు. కుర్చీ నెట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయాం. బస్సులో కుర్చీ నిలబెట్టడానికని ప్రత్యేకంగా చోటుంది. ఇక్కడి బస్సులన్నీ 2020 చివరికి ఇలా చక్రాల కుర్చీ ఎక్కేలా మార్చేశారు. జనం ఎవరూ విసుక్కోలేదు. తర్వాత లిఫ్టులో రైలు స్టేషనుకి, అక్కడి నుంచి ఒకే రైలు. ఫారర్ పార్క్ స్టేషన్లో దిగితే గుడి నడక దూరమే.

నేను భయపడిందంతా ఒక ఎత్తు, అత్తయ్యగారి మొహం ఒక ఎత్తు. కార్లో అద్దం లోంచి చూసేవారు, ఇప్పుడు మనుషుల మధ్య వున్నారు. పక్కన కూర్చున్న మలయా ముసలావిడతో చేతి సైగలతోనే మోకాళ్ళ నొప్పుల ముచ్చట పెట్టారు. ఒక చంటిపిల్ల ఆవిడ గాజులు లాగింది. "కారు మంచిదే కానీ అమ్మాయ్, దాంట్లో మన నలుగురమే కదా" అన్నారు తిరిగొచ్చేటప్పుడు.

అన్నీ సులువని నేను చెప్పను. వాన పడితే యిబ్బందే. రాత్రి వేళ ఆసుపత్రికి వెళ్ళాలంటే టాక్సీయే గతి. వారం సామాన్లు ఒకేసారి తేలేను, మూడుసార్లు వెళ్ళాలి. బాగాన్ దాతో దారిలో ముగ్గు చూసి ఆగడం ఇక కుదరదు. కానీ నా భయం మాత్రం పోయింది. ఈ వూరి రోడ్లన్నీ నాకు తెలుసు, ఆ తెలివి తెల్లావు యిచ్చిందే. మొన్న మా వారు "అద్దె కారు తీసుకుని మలక్కా వెళ్దామా?" అన్నారు. "నేనే నడుపుతాను" అన్నాను.

మీకు పనికొచ్చే మాటలు

మీ పిల్లలో, మీరో పరాయి దేశంలో వుండి కారు వదులుకోవలసి వస్తే, ఈ అయిదూ గుర్తుంచుకోండి. కారులోని ఫోను పుస్తకం, దారి చూపే యంత్రంలో మన ఇంటి చిరునామా ముందు తుడిచెయ్యండి. టోలు కార్డు, నెలవారీ పార్కింగు, బ్యాంకు నుంచి తనంతట తానే పోయే డబ్బు వీటన్నిటినీ ఆపించండి. బీమాలో మిగిలిన నెలల డబ్బు వెనక్కి వస్తుందేమో అడగండి, అడిగితేనే ఇస్తారు. ఒక్క వర్తకుడి మాటే కాక ముగ్గురి ధర కనుక్కోండి. అందరికన్నా ముఖ్యం, గడువు ఇంకా ఆర్నెల్లుందనగానే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. పెద్దవాళ్ళని తప్పకుండా అడగండి. మనం వాళ్ళకోసం అనుకుని దాచుకునే భయాలు కొన్ని, వాళ్ళకసలు వుండవు!

ఇంకొక్క సంగతి. ఇక్కడ బస్సుల్లో, రైళ్ళలో ఏదీ తినకూడదు. మంచినీళ్ళు కూడా తాగకూడదు, జరిమానా. కాబట్టి మా పులిహోర డబ్బా ఇప్పుడు బొటానిక్ గార్డెన్స్ చెట్ల కింద తెరుచుకుంటోంది. వెంకటగిరి గలీబు కింద పరుస్తాం. సింగపూర్ వచ్చినప్పుడు మీరూ రండి, డబ్బా పెద్దదే తెస్తాను.